పట్టాలపై వేగం: ప్రయాణికుల రైళ్ళ రికార్డు ప్రయత్నాలు

ప్రయాణికుల రైళ్ళను పాత హద్దు దాటించి ఇంకా వేగంగా నడపాలన్న ప్రయత్నాలు 1829లో ఇంగ్లండులో మొదలయ్యాయి, నేటికీ సాగుతున్నాయి. చక్రాల మీద నడిచే రైలు ఇప్పటిదాకా అందుకున్న అత్యధిక వేగం గంటకు 574.8 కి.మీ. 2007 ఏప్రిల్ 3న ఫ్రాన్సులో టీజీవీ రైలు ఈ రికార్డు నెలకొల్పింది. అయస్కాంత శక్తితో గాలిలో తేలుతూ పోయే మాగ్లెవ్ రైళ్ళలో రికార్డు 603 కి.మీ.; అది జపాన్‌ది, 2015 ఏప్రిల్ 21 నాటిది.

రైలు వేగ రికార్డులు నాలుగు రకాలు. ట్రయల్ రన్‌లో కొద్ది క్షణాలైనా అందుకున్న గరిష్ఠ వేగం మొదటిది. టిక్కెట్టు కొన్న ప్రయాణికులతో రోజూ తిరిగే రైలు గరిష్ఠ వేగం రెండోది. ఒక స్టేషనులో కదిలి మరో స్టేషనులో ఆగేదాకా పట్టిన సమయంతో లెక్కగట్టే సగటు వేగం మూడోది. వందల కిలోమీటర్ల దూరానికి కట్టిన సగటు నాలుగోది. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చేది మొదటిదే అయినా ప్రయాణికుడికి అక్కరకొచ్చేవి చివరి రెండూ. ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడటం వల్లనే రైలు వేగం గురించి అనేక అపోహలు పుట్టాయి. ఈ చరిత్ర పొడవునా కనిపించే మరో సంగతి, ఇంజన్లు ఎప్పుడూ పట్టాల కన్నా ముందున్నాయి. ఒక వేగాన్ని ఇంజను అందుకోవడానికీ, అదే వేగంతో పట్టాలు, బ్రేకులు, సిగ్నళ్ళు రోజూ రైళ్ళను నడపగలగడానికీ మధ్య కొన్నిసార్లు అరవై ఏళ్ళు పట్టింది.

తొలి పరీక్షలు

లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలుమార్గం వేస్తున్న కంపెనీ తమ బండ్లను లాగే ఇంజను కోసం 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర పోటీ పెట్టింది. బహుమతి 500 పౌండ్లు. జార్జ్, రాబర్ట్ స్టీఫెన్‌సన్‌లు తయారుచేసిన రాకెట్ గెలిచింది. అది అందుకున్న గరిష్ఠ వేగం గంటకు సుమారు 48 కి.మీ. గుర్రపు బండి కన్నా వేగమైన ప్రయాణం ఎరగని కాలానికి అది పెద్ద మాట.

మరుసటి ఏడాది సెప్టెంబరు 15న ఆ మార్గం ప్రారంభమైన రోజే, ఉత్సవానికి వచ్చిన పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్‌ను పక్క పట్టా మీద వస్తున్న రాకెట్ ఢీకొంది. కాలు నలిగిన ఆయనను నార్తంబ్రియన్ అనే ఇంజనుతో జార్జ్ స్టీఫెన్‌సనే ఎకిల్స్ ఊరికి చేర్చాడు. ఆ ప్రయాణం గంటకు 58 కి.మీ. వేగంతో సాగిందని చెబుతారు. హస్కిసన్ ఆ రాత్రి చనిపోయాడు. వేగం పెరిగితే కంటితో చూసి తప్పుకునే వ్యవధి మనిషికి ఉండదన్న సంగతి ప్రయాణికుల రైలుకు మొదటి రోజే తెలిసివచ్చింది.

అబర్డీన్ పందెం

లండన్ నుంచి స్కాట్లండుకు రెండు దారులున్నాయి. పశ్చిమ తీరపు దారి యూస్టన్ స్టేషను నుంచి, తూర్పు తీరపు దారి కింగ్స్ క్రాస్ నుంచి బయల్దేరతాయి. ఈ దారులు నడిపే కంపెనీలు 1888లో ఎడిన్‌బరా దాకా, 1895లో అబర్డీన్ దాకా పోటీపడ్డాయి. రెండు మార్గాలూ అబర్డీన్‌కు ముందు కిన్నాబర్ జంక్షన్‌లో కలిసేవి. అక్కడి నుంచి ఒకటే దారి కాబట్టి ముందుగా సిగ్నల్ పడిన రైలుదే గెలుపు.

1895 ఆగస్టు 22 రాత్రి ఎనిమిదింటికి యూస్టన్‌లో కదిలిన రైలు 869 కి.మీ. దూరాన్ని 512 నిమిషాల్లో, అంటే 8 గంటల 32 నిమిషాల్లో ముగించింది. మధ్యలో మూడేచోట్ల ఆగి ఇంజన్లు మార్చుకుంది. సగటు వేగం గంటకు సుమారు 102 కి.మీ. క్రూ నుంచి కార్లైల్ దాకా లాగిన హార్డ్‌విక్ ఇంజను ఆ 227 కి.మీ. దూరాన్ని 126 నిమిషాల్లో దాటింది. దాన్ని ఇప్పటికీ యార్క్ నగరంలోని జాతీయ రైల్వే మ్యూజియంలో చూడవచ్చు.

ఆ రైలు అబర్డీన్ చేరేసరికి తెల్లవారుజాము 4:32. ఆ వేళకు దిగినందువల్ల ప్రయాణికులకు ఒరిగిందేమీ లేదు. రైలును తేలిక చేయడానికి పెట్టెలు తగ్గించారు, మలుపుల్లో విధించిన పరిమితులను పట్టించుకోలేదు. 1896 జులై 13 రాత్రి ప్రెస్టన్ స్టేషను దాటాక ఉన్న మలుపులో, నెమ్మదిగా పోవలసినచోట అనేక రెట్ల వేగంతో వెళ్ళిన స్కాట్లండు రైలు పట్టాలు తప్పింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. దాంతో పందేలపై జనానికి ఏవగింపు కలిగింది, కంపెనీలు వెనక్కి తగ్గాయి. లండన్–ఎడిన్‌బరా ప్రయాణాన్ని ఎనిమిదింపావు గంటల కన్నా తగ్గించకూడదన్న ఒప్పందం 1932 దాకా నిలిచింది. దాదాపు నలభై ఏళ్ళపాటు ఇంజన్లు మెరుగయ్యాయి గానీ ఆ ప్రయాణ సమయం మాత్రం కదలలేదు.

స్టాప్‌వాచ్ తగాదాలు

వేగాన్ని దానంతట అదే కాగితం మీద గీసే పరికరాలు వాడుకలోకి రాకముందు, కిటికీ పక్కన కూర్చున్న మనిషి మైలురాళ్ళను చూస్తూ స్టాప్‌వాచ్ నొక్కేవాడు. 1893 మే 10న అమెరికాలో ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్‌ను లాగిన 999 నంబరు ఇంజను ఒక మైలును 32 సెకన్లలో దాటిందని, అంటే గంటకు 181 కి.మీ. అందుకుందని ప్రకటించారు. నేటి నిపుణుల్లో దీన్ని నమ్మేవారు తక్కువ.

1904 మే 9న ప్లిమత్ ఓడరేవు నుంచి టపా తెస్తున్న రైలులో చార్లెస్ రౌజ్-మార్టెన్ అనే పాత్రికేయుడు కూర్చున్నాడు. వెల్లింగ్టన్ వాలులో సిటీ ఆఫ్ ట్రూరో ఇంజను పావు మైలును 8.8 సెకన్లలో దాటిందని ఆయన రాసుకున్నాడు. అది గంటకు 102.3 మైళ్ళు, అంటే 164.6 కి.మీ. ఆయన గడియారం సెకనులో అయిదో వంతు దాకా మాత్రమే చూపేది. అదే పావు మైలు 9 సెకన్లు పట్టి ఉంటే వేగం సరిగ్గా వంద మైళ్ళు అయ్యేది. వేలు ఒక్క గీటు ముందు కదిలినా వెనక కదిలినా దాదాపు నాలుగు కి.మీ. తేడా వస్తుందన్నమాట. అంత వేగం సంగతి తెలిస్తే ప్రయాణికులు భయపడతారని రైల్వే కంపెనీ ఈ అంకెను చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. ఆవిరి ఇంజన్లలో గంటకు వంద మైళ్ళ వేగం అందరూ ఒప్పుకునేలా నమోదైంది 1934 నవంబరు 30న, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను ద్వారా. దాని వెనక డైనమోమీటరు పెట్టె తగిలించి ఉంది. రైలు పోతుంటే కదిలే కాగితపు చుట్ట మీద లాగుడు బలం, వేగం, సమయం అందులో గీతలుగా పడతాయి.

త్సోసెన్: కాలానికి ముందు వచ్చిన వేగం

ఈ చరిత్రలో తగిన పేరు రాని ఘట్టం బెర్లిన్ పక్కన జరిగింది. సీమెన్స్, ఏఈజీ కంపెనీలు కొన్ని బ్యాంకులతో కలిసి 1899లో విద్యుత్ రైళ్ళ అధ్యయన సంఘం పెట్టాయి. మారియెన్‌ఫెల్డె–త్సోసెన్ మధ్య సైన్యానికి చెందిన 23 కి.మీ. రైలుమార్గాన్ని పరీక్షలకు తీసుకున్నాయి. కరెంటు మూడు ఫేజులది కాబట్టి పట్టాల పక్కన ఒకదానిమీద ఒకటిగా మూడు తీగలు కట్టారు.

1901లో 160 కి.మీ. వేగానికే పట్టాలు తట్టుకోలేకపోయాయి. పరీక్షలు ఆపి, బరువైన పట్టాలు వేసి, కంకర పెంచి మార్గాన్ని మళ్ళీ కట్టారు. ఆ పని అయ్యాక 1903 అక్టోబరు 23న సీమెన్స్ పెట్టె 206.7 కి.మీ., ఆ నెలాఖరులో ఏఈజీ పెట్టె 210.2 కి.మీ. అందుకున్నాయి. మోటార్లు రెండేళ్ళ కిందటే సిద్ధంగా ఉన్నాయి. వేగాన్ని పెంచింది కొత్త పట్టాలు. అయినా ఆ వేగంతో ప్రయాణికులను మోసే మార్గం ఎవరూ కట్టలేదు. గంటకు 210 కి.మీ. వేగం రోజువారీ టైంటేబుల్లోకి వచ్చింది 1964లో, టోక్యో–ఒసాకా మార్గంలో.

రెండు యుద్ధాల నడుమ

విమానాలతో, మోటారు కార్లతో పోటీ పెరిగిన 1930లలో రికార్డు ప్రయత్నాలు మళ్ళీ ఊపందుకున్నాయి. 1931 జూన్ 21న ఫ్రాంజ్ క్రుకెన్‌బెర్గ్ తయారుచేసిన రైలు జెప్పెలిన్ హాంబర్గ్–బెర్లిన్ మార్గంలో 230.2 కి.మీ. అందుకుంది. ఒకే పెట్టె, వెనక విమానపు ప్రొపెల్లర్, దాన్ని తిప్పే బీఎండబ్ల్యూ విమాన ఇంజను. దానికి మరో పెట్టె తగిలించే వీల్లేదు. జనం నిండిన ప్లాట్‌ఫారం పక్కన ప్రొపెల్లర్ తిరగడం ప్రమాదం. అందుకే అది ప్రయాణికుల సేవలోకి రాలేదు, 1939లో దాన్ని విడగొట్టేశారు. అంతకన్నా ఎంతో నెమ్మదైన ఫ్లయింగ్ హాంబర్గర్ డీజిల్ రైలు మాత్రం 1933 నుంచి రోజూ 286 కి.మీ. దూరాన్ని 138 నిమిషాల్లో దాటుతూ వ్యాపారులకు పనికొచ్చింది. నా దృష్టిలో ఈ రెండింటిలో చరిత్రను మలుపు తిప్పింది హాంబర్గరే.

అమెరికాలో 1934 మే 26న బర్లింగ్టన్ కంపెనీ స్టీలు రైలు జెఫిర్ డెన్వర్ నుంచి షికాగో దాకా 1,633 కి.మీ. దూరాన్ని ఎక్కడా ఆగకుండా 13 గంటల 5 నిమిషాల్లో ముగించింది. సగటు 125 కి.మీ. రైలులో అతిథులతో పాటు జెఫ్ అనే గాడిద పిల్ల కూడా ప్రయాణించింది. తెల్లవారి బయల్దేరి పొద్దుగుంకే వేళకు షికాగో ప్రదర్శనశాల వేదిక మీదికే వచ్చి నిలిచిన ఆ రైలును చూశాక అమెరికన్ రైల్వేలు డీజిల్ వైపు మొగ్గాయి.

బ్రిటన్‌లో, జర్మనీలో ఆవిరి ఇంజన్లు తమ చివరి పందెంలో ఉన్నాయి. 1936 మే 11న జర్మనీ 05 002 ఇంజను 200.4 కి.మీ. అందుకుంది. 1937 జూన్ 29న ఇంగ్లండులో కొరొనేషన్ స్కాట్ రైలు పత్రికల వాళ్ళతో నిండి క్రూ స్టేషనుకు చేరువలో గంటకు 114 మైళ్ళు, అంటే 183 కి.మీ. చూసింది. బ్రేకులు వేయడం ఆలస్యమైంది. గంటకు 20 మైళ్ళు మించకూడని పట్టాల మార్పిడి చోట 57 మైళ్ళ వేగంతో దూసుకెళ్ళింది. వంటపెట్టెలో పింగాణీ పళ్ళాలు నేల మీద పడి ముక్కలయ్యాయి. రైలు పట్టాల మీద నిలబడటం అదృష్టమే.

మరుసటి ఏడాది, 1938 జులై 3న, నైజెల్ గ్రెస్లీ రూపొందించిన మల్లార్డ్ ఇంజను బరిలోకి వచ్చింది. బయటికి చెప్పింది బ్రేకుల పరీక్ష అని. ఇంజను వెనక ఆరు పెట్టెలు, ఒక డైనమోమీటరు పెట్టె. డ్రైవరు జో డడింగ్‌టన్, ఫైర్‌మన్ టామీ బ్రే. గ్రాంథమ్ దాటాక స్టోక్ గట్టు శిఖరం నుంచి పీటర్‌బరో వైపు దిగే వాలులో వేగం పెరుగుతూ పోయి గంటకు 126 మైళ్ళు, 202.8 కి.మీ. తాకింది. మధ్య సిలిండరు కడ్డీ బేరింగు కాలిపోయింది. అది వేడెక్కితే వాసనతో హెచ్చరించడానికి పెట్టిన గొట్టం పగిలి ఘాటైన వాసన వచ్చింది. మల్లార్డ్ పీటర్‌బరో దగ్గరే ఆగిపోయింది. రైలును లండన్ చేర్చింది మరో పాత ఇంజను.

126 అన్న అంకె క్షణకాలపు శిఖరం. గ్రెస్లీ స్వయంగా 125 అనడానికే ఇష్టపడ్డాడు. జర్మన్ ఇంజను దాదాపు చదును నేల మీద పరుగెత్తిందనీ, మల్లార్డ్‌కు వాలు తోడ్పడిందనీ జర్మన్లు చెప్పే మాటలో నిజముంది. అయినా ఆవిరి ఇంజన్లలో ఆ వేగాన్ని దాటిన మరో నమోదు లేదు, ఇక ఉండబోదు. రోజువారీ రైళ్ళ విషయంలో ఆ దశాబ్దపు మేటి ఘనత చెల్ట్‌నమ్ ఫ్లయర్‌ది. 1932 జూన్ 6న అది స్విండన్ నుంచి లండన్ ప్యాడింగ్టన్ దాకా 124 కి.మీ. దూరాన్ని 56 నిమిషాల 47 సెకన్లలో ముగించింది. ఆగిన చోటు నుంచి ఆగిన చోటుకు సగటు 131 కి.మీ.

1955: వంకరపోయిన పట్టాలు

ఫ్రెంచి రైల్వే 1954 ఫిబ్రవరి 21న దిజోన్–బోన్ మధ్య 243 కి.మీ. అందుకుని క్రుకెన్‌బెర్గ్ రికార్డును దాటింది. మరుసటి ఏడాది మార్చి చివర, బోర్డోకు దక్షిణాన పైన్ అడవుల గుండా తిన్నగా పోయే లాండ్ ప్రాంతపు మార్గంలో రెండు విద్యుత్ ఇంజన్లతో అసలు ప్రయత్నం చేసింది. ఒక్కో ఇంజను వెనక మూడే పెట్టెలు. గాలి సుడులు తగ్గించడానికి చివరి పెట్టెకు ప్రత్యేకమైన తోక అమర్చారు. తీగలో వోల్టేజీ 1,500 నుంచి సుమారు 1,900కు పెంచారు. పరీక్షలకు నాయకత్వం ఫెర్నాన్ నూవియన్ అనే ఇంజనీరుది.

మార్చి 28న సీసీ 7107 ఇంజను, 29న బీబీ 9004 ఇంజను పరుగెత్తాయి. రెండూ 331 కి.మీ. అందుకున్నాయని ప్రపంచానికి ప్రకటించారు. నిజానికి మొదటిది చేరింది 326 కి.మీ.కే. తీగను తాకి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ వేడికి కరిగింది. రెండో రోజు ఇంజను పక్కలకు ఊగిన తాకిడికి దాని వెనక పట్టాలు పాము నడకలా వంకర్లు తిరిగాయి. ఆ ఫోటో చాలా ఏళ్ళు బయటికి రాలేదు. కొద్ది క్షణాలు అదే ఊపు కొనసాగి ఉంటే రైలు బోల్తాపడేది.

ఆ ఊగిసలాటకు మూలం రైలు చక్రపు ఆకారంలోనే ఉంది. చక్రపు అంచు లోపలి వైపు కాస్త లావుగా, బయటికి కాస్త సన్నగా ఉంటుంది. ఇరుసు ఒక పక్కకు జరిగితే ఆ పక్క చక్రం పెద్ద చుట్టు తిరిగి ఇరుసును మళ్ళీ నడిమికి తెస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇదే రైలును పట్టా మీద నిలిపి ఉంచుతుంది. వేగం ఒక హద్దు దాటాక, నడిమికి వచ్చిన ఇరుసు ఆగకుండా అటు పక్కకు, మళ్ళీ ఇటు పక్కకు కొట్టుకోవడం మొదలవుతుంది. వేగం పెరిగినకొద్దీ అది ముదురుతుంది. రికార్డు అయితే దక్కింది గానీ ఫ్రాన్సులో ఆ వేగం దరిదాపులకు రోజువారీ రైలు రావడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. ఇంజన్ల వరకు బీబీ 9004 ఘనత 51 ఏళ్ళు చెక్కుచెదరలేదు. 2006 సెప్టెంబరు 2న సీమెన్స్ ఇంజను ఒకటి జర్మనీలో 357 కి.మీ. అందుకుని దాన్ని దాటింది.

షింకాన్‌సెన్ మార్గం

ఇదే ఊగిసలాటను జపాన్ మరో వైపు నుంచి పట్టుకుంది. యుద్ధకాలంలో విమానాల కంపనాలపై పనిచేసిన తదాషి మత్సుదైరా, విమానాల రూపకర్త తదనావొ మికి యుద్ధం ముగిశాక రైల్వే పరిశోధన సంస్థలో చేరారు. విమాన రెక్కల కంపనాల కోసం నేర్చిన గణితాన్ని మత్సుదైరా రైలు చక్రాలకు అన్వయించాడు. మికి సలహాతో రూపొందిన ఒదాక్యూ కంపెనీ రైలు 1957 సెప్టెంబరులో 145 కి.మీ. అందుకుంది. మీటరుకు కాస్త పైబడిన ఇరుకు గేజి మీద అప్పటికి అదే ప్రపంచ రికార్డు.

జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో, ఆయన ప్రధాన ఇంజనీరు హిదెవొ షిమా పాత మార్గం మీద వేగం పెంచే ఆలోచన మానుకుని టోక్యో–ఒసాకా మధ్య షింకాన్‌సెన్ అనే కొత్త మార్గమే కట్టించారు. పాతదాని కన్నా వెడల్పైన గేజి, పెద్ద మలుపులు, ఒక్క లెవెల్ క్రాసింగూ లేని దారి, గూడ్సు బండ్లకు చోటులేని పట్టాలు. అంత వేగంలో దారి పక్క సిగ్నల్ డ్రైవరుకు కనిపించదు కాబట్టి అనుమతించిన వేగం అతని ముందే కనిపించేలా, మించితే బ్రేకులు వాటంతట అవే పడేలా చేశారు. 1963 మార్చి 30న పరీక్ష రైలు 256 కి.మీ. చేరింది. 1964 అక్టోబరు 1న 210 కి.మీ. గరిష్ఠ వేగంతో సేవ మొదలైంది. ఖర్చు అంచనాలు మించిపోయిన కారణంగా సోగో, షిమా అంతకుముందే పదవులు వదులుకున్నారు. ఆ ప్రారంభోత్సవానికి వాళ్ళకు పిలుపు అందలేదు. పట్టాలు తప్పడం వల్లగానీ, రైళ్ళు ఢీకొనడం వల్లగానీ షింకాన్‌సెన్‌లో ఇప్పటిదాకా ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. ఈ వ్యాసంలో ఉన్న అన్ని అంకెల్లోకీ దీన్నే నేను గొప్ప రికార్డుగా ఎంచుతాను.

అమెరికా ఇంకా ఇంజను శక్తినే నమ్ముకుని ఉంది. 1966 జులై 23న న్యూయార్క్ సెంట్రల్ కంపెనీ ఒక డీజిల్ పెట్టె కప్పు మీద బాంబరు విమానపు జెట్ ఇంజన్లు రెండు బిగించి 295.6 కి.మీ. అందుకుంది. ఆ ప్రయోగం అక్కడితో ఆగిపోయింది.

టీజీవీ: రికార్డును పద్ధతిగా మార్చినవారు

1955 అనుభవం ఫ్రెంచి ఇంజనీర్లకు బాగా పనికొచ్చింది. గ్యాస్ టర్బైనుతో నడిచే టీజీవీ 001 రైలు 1972 డిసెంబరు 8న 318 కి.మీ. చేరింది. మరుసటి ఏడాది చమురు ధరలు మండిపోవడంతో వాళ్ళు విద్యుత్తుకు మళ్ళారు. 1981 ఫిబ్రవరి 26న 380.4 కి.మీ. నమోదైంది, అదే ఏడాది సెప్టెంబరులో పారిస్–లియాన్ సేవ మొదలైంది. 1988 మే 1న జర్మనీ ఐసీఈ పరీక్ష రైలు 406.9 కి.మీ.తో ముందుకెళ్ళింది. 1990 మే 18న వాండోమ్ దగ్గర ఫ్రాన్సు 515.3 కి.మీ.తో మళ్ళీ పైచేయి సాధించింది.

2007 ప్రయత్నానికి చేసిన ఏర్పాట్లు చూస్తే రికార్డు రైలుకూ టిక్కెట్టు రైలుకూ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. రెండు ఇంజను పెట్టెలు, వాటి మధ్య మూడే పెట్టెలు. చక్రాల వ్యాసం 920 మి.మీ. నుంచి 1,092కు పెంచారు. తీగలో వోల్టేజీ 25 వేల నుంచి 31 వేలకు చేర్చారు. మోటార్ల శక్తి 19.6 మెగావాట్లు, మామూలు టీజీవీకి రెట్టింపు పైచిలుకు. తీగ బిగింపును 25 నుంచి 40 కిలోన్యూటన్లకు పెంచారు. ఈ చివరిదే అసలు కిటుకు. పాంటోగ్రాఫ్ తీగను పైకి నెడుతూ పోతుంటే తీగలో అల పుడుతుంది. రైలు ఆ అలను అందుకుంటే తీగ తెగిపోతుంది. తీగ ఎంత బిగువుగా ఉంటే అల అంత వేగంగా ముందుకు పరుగెడుతుంది, రైలుకు అంత వెసులుబాటు దొరుకుతుంది. డ్రైవరు ఎరిక్ పియెచాక్ 574.8 కి.మీ. దాకా తీసుకెళ్ళాడు. అదే ఏడాది జూన్‌లో ఆ మార్గం ప్రయాణికులకు తెరిచినప్పుడు పరిమితి 320 కి.మీ. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది; 320 నుంచి 574.8కు పోవాలంటే గాలికే సుమారు ఆరు రెట్ల శక్తి కావాలి. రోజువారీ రైలు 320 దగ్గర ఆగడానికి ఆ ఖర్చు ముఖ్య కారణం. పట్టాల అరుగుదల, చప్పుడు తర్వాతివి.

టీజీవీ ఘనతల్లో ఎక్కువ మెచ్చదగింది 2001 మే 26 నాటిది. మామూలు టీజీవీ ఒకటి ఉత్తరాన కలే నుంచి దక్షిణాన మార్సే దాకా 1,067 కి.మీ. దూరాన్ని 3 గంటల 29 నిమిషాల్లో ఆగకుండా దాటింది. సగటే 306 కి.మీ.

పరీక్ష పరుగులు ప్రాణాలనూ తీశాయి. రికార్డు కోసం కాకపోయినా, కొత్త మార్గాన్ని ప్రయాణికులకు తెరిచేముందు 2015 నవంబరు 14న స్ట్రాస్‌బుర్గ్ దగ్గర ఎక్‌వెర్‌షైమ్‌లో నడిపిన టీజీవీ మలుపు ముందు ఆలస్యంగా బ్రేకు వేసింది. 176 కి.మీ. ఉండాల్సినచోట 265తో మలుపులోకి వెళ్ళి పట్టాలు తప్పింది. 11 మంది చనిపోయారు. 1896 నాటి ప్రెస్టన్ తప్పే 119 ఏళ్ళ తర్వాత మళ్ళీ జరిగింది.

చైనా, మాగ్లెవ్

చైనా 2010 డిసెంబరు 3న బీజింగ్–షాంఘై మార్గంలో 486.1 కి.మీ., మరుసటి నెలలో 487.3 కి.మీ. నమోదు చేసింది. ఇవి ప్రయాణికుల సేవ కోసం తయారైన రైళ్ళే. 2011 జులై 23న వెంజో దగ్గర సిగ్నళ్ళ వైఫల్యంతో రెండు రైళ్ళు ఢీకొని 40 మంది చనిపోయాక దేశమంతటా వేగాలు తగ్గించారు. 350 కి.మీ. వేగాన్ని బీజింగ్–షాంఘై మార్గంలో 2017 సెప్టెంబరులోగానీ పునరుద్ధరించలేదు. 2016 జులై 15న జెంగ్‌జో–షూజో మార్గంలో రెండు రైళ్ళు ఒక్కొక్కటి 420 కి.మీ. వేగంతో ఎదురెదురుగా దాటుకున్నాయి. అప్పుడు పెట్టెల అద్దాలు, గోడలు గాలి దెబ్బను తట్టుకోవడమే అసలు పరీక్ష.

మాగ్లెవ్‌కు పట్టా రాపిడి లేదు, పాంటోగ్రాఫ్ లేదు. కాబట్టి దాన్ని చక్రాల రైళ్ళతో ఒకే పట్టికలో పెట్టడం సరికాదు. జపాన్ ఎల్0 రైలు యమనాషి పరీక్ష మార్గంలో 603 కి.మీ. అందుకున్నప్పుడు 600 పైన ఉన్నది 10.8 సెకన్లు. టోక్యో–నగోయా మాగ్లెవ్‌ను 2027లో తెరవాలన్న లక్ష్యం తప్పిపోయింది.

భారతదేశంలో

1969 మార్చి 1న హౌరా–న్యూఢిల్లీ రాజధాని ఎక్స్‌ప్రెస్ 120 కి.మీ. గరిష్ఠ వేగంతో మొదలై ఆ దూరాన్ని 17 గంటల 20 నిమిషాలకు కుదించింది. ఇక్కడ ప్రతి పెంపుకూ ముందు లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ రైలు ఊగిసలాటను కొలిచే పరీక్షలు చేస్తుంది. గతిమాన్ ఎక్స్‌ప్రెస్ 2016 ఏప్రిల్ 5న ఢిల్లీ–ఆగ్రా మధ్య 160 కి.మీ. గరిష్ఠ వేగంతో మొదలైంది, 188 కి.మీ. ప్రయాణం 100 నిమిషాలు. అదే ఏడాది స్పెయిన్ టాల్గో రైలు మథుర–పల్వల్ మధ్య 180 చేరింది. చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన ట్రెయిన్ 18, అంటే తొలి వందేభారత్, 2018 డిసెంబరులో కోటా ప్రాంతపు పరీక్షల్లో 180 అందుకుంది. దాన్ని నడిపిన విద్యుత్ వ్యవస్థ హైదరాబాదుకు చెందిన మేధా కంపెనీది.

వేగానికి అసలు పునాది అయిన రక్షణ వ్యవస్థలోనూ తెలుగు నేలకు వాటా ఉంది. రెండు రైళ్ళు ఒకే పట్టా మీదికి రాకుండా, ఎర్ర సిగ్నల్ దాటకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్‌ను ఆర్‌డీఎస్‌ఓతో కలిసి రూపొందించిన మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ కంపెనీలు మూడూ హైదరాబాదువే. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజన్‌లోని గుళ్ళగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజనును మరో ఇంజనుకు ఎదురుగా నడిపి దాన్ని పరీక్షించారు. తొలి విడతలో 1,465 కి.మీ. మార్గానికి కవచ్ అమర్చిందీ దక్షిణ మధ్య రైల్వేలోనే.

అయినా టైంటేబులు వేరే కథ చెబుతుంది. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాదు–విశాఖపట్నం వందేభారత్ దాదాపు 700 కి.మీ. దూరానికి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంది. 1895లో ఆవిరి ఇంజన్లు లండన్ నుంచి అబర్డీన్‌కు 869 కి.మీ. దాటింది ఇంచుమించు అంతే సమయంలో. వందేభారత్ పొడవైన, నిండైన రైలు. గూడ్సు బండ్లతో, ప్యాసింజర్లతో కిక్కిరిసిన దారిలో నడుస్తుంది. తప్పు రైలుది కాదు. దానికి కావలసింది గూడ్సుకు వేరే దారి, మూడో లైను, కంచె వేసిన పట్టాలు, తీర్చిన మలుపులు. ప్రారంభోత్సవాల్లో వినిపించే గరిష్ఠ వేగాన్ని విన్న ప్రతి పాఠకుడూ మొత్తం దూరాన్ని మొత్తం ప్రయాణ సమయంతో ఒక్కసారి భాగించి చూడాలి. సికింద్రాబాదు–విశాఖ వందేభారత్‌కు ప్రారంభంలో ఆ లెక్క గంటకు సుమారు 82 కి.మీ. వచ్చింది.